సున్నా దగ్గర ఆగని లెక్క

పన్ను చట్టాన్ని చదివి మురిసిపోయేవాళ్లు ఎక్కడా కనిపించరు. చదివేవాళ్లే తక్కువ. అయినా అమెరికా పన్ను చట్టంలో ఇప్పుడు 32వ సెక్షన్‌గా ఉన్న భాగాన్ని, మంచి పనివాడు చెక్కిన తలుపును చూసినట్టు, దగ్గర నుంచి చూడొచ్చంటాను. చిన్న జీతాలతో పిల్లల్ని పెంచుకునే తల్లిదండ్రులకు ఏటా వేల డాలర్లు అందించే ‘ఎర్న్‌డ్ ఇన్‌కమ్ ట్యాక్స్ క్రెడిట్’ అందులోనే ఉంది. వాడుకలో ఈఐటీసీ.

మన ఆదాయపన్నులో 87ఏ పేరుతో తెలిసిన రిబేటు ఉంది. పన్నును సున్నా చేస్తుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. అసలు పన్నే పడని చిరుద్యోగికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మనకొచ్చే రిఫండ్ కూడా టీడీఎస్ కింద పోయిన మన డబ్బే. ఈఐటీసీ సున్నా దగ్గర ఆగదు. కట్టాల్సిన పన్ను వంద డాలర్లై క్రెడిట్ అయిదు వేలైతే, మిగతా 4,900 డాలర్లు ప్రభుత్వమే బ్యాంకులో వేస్తుంది. పేరుకు పన్ను మినహాయింపు, పనికి జీతం మీద బోనస్.

దీన్ని ముందుకు తెచ్చినవాడు పేదల పక్షపాతిగా పేరున్న నాయకుడేమీ కాదు. లూసియానా సెనేటర్ రస్సెల్ లాంగ్, సెనేట్ ఫైనాన్స్ కమిటీ ఛైర్మన్. పేద కుటుంబాలకు కనీస ఆదాయం హామీ ఇద్దామని నిక్సన్ ప్రభుత్వం తెచ్చిన ప్రతిపాదనను గట్టిగా వ్యతిరేకించాడు. పనిచేసినవాళ్లకే ఇవ్వాలన్నాడు. 1975లో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం పెట్టిన చట్టంలో ఆ పట్టుదల లెక్కగా మారింది. మొదటి 4,000 డాలర్ల సంపాదన మీద పది శాతం, అంటే గరిష్ఠంగా 400 డాలర్లు. ఆపైన ఆదాయం పెరిగేకొద్దీ తగ్గుతూ, 8,000 దగ్గర పూర్తిగా ఆగిపోయేది. తాత్కాలికమన్నారు, 1978లో శాశ్వతం చేశారు. ఆ తర్వాత రెండు పార్టీలూ పెంచుకుంటూ వచ్చాయి.

నేను మెచ్చుకునేది ఆ గీత ఆకారాన్ని. 2024 ఆదాయానికి ఇద్దరు పిల్లలున్న ఒంటరి తల్లి లెక్క చూడండి. మొదటి డాలర్ నుంచి 17,400 దాకా ప్రతి డాలరుకూ 40 సెంట్లు కలుస్తాయి. అక్కడ క్రెడిట్ 6,960 డాలర్లకు చేరి, ఆదాయం 22,720 అయ్యేదాకా అలాగే నిలబడుతుంది. అక్కడి నుంచి డాలరుకు 21 సెంట్ల చొప్పున దిగుతూ 55,768 దగ్గర సున్నా అవుతుంది. ఎక్కేటప్పుడు నిటారు, దిగేటప్పుడు అందులో సగం వాలు. ఎక్కడా అంచు లేదు. ఒక్క రూపాయి ఆదాయం పెరిగితే రేషన్ కార్డు మొత్తంగా పోయే పద్ధతి చూసినవాళ్లకు ఇదెంత నేర్పైన పనో వెంటనే తెలుస్తుంది.

ఆ తల్లి హోటల్లో గదులు శుభ్రం చేసి ఏడాదికి 20,000 డాలర్లు సంపాదిస్తుందనుకుందాం. ఇంటిపెద్దగా ఆమెకు ఆ ఏడాది వచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 21,900. ఆదాయపన్ను లేనట్టే. ఈఐటీసీ 6,960. దీనికి తోడు చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్‌లో చేతికొచ్చే భాగానికి వేరే సూత్రం: 2,500 దాటిన సంపాదనలో 15 శాతం, అంటే 2,625. రెండూ కలిపి 9,585 డాలర్లు. ఆమె దాదాపు ఆరు నెలల జీతం ఒక్కసారిగా వస్తుందన్నమాట. అదే తల్లి 30,000కి ఎదిగితే రిఫండ్ 8,600 చిల్లరకు తగ్గుతుంది. కానీ చేతిలో పడే మొత్తం ఎనిమిది వేలకు పైగా పెరుగుతుంది. ఎక్కువ పనిచేసి నష్టపోయానని ఆమె అనుకోవాల్సిన అవసరం లేదు.

ఈ వాలును అంటిపెట్టుకుని ఉన్న చిన్న పనితనం ఇంకొకటి ఉంది. శాతాలూ గుణకారాలూ కాకుండా, ఫారం 1040తో వచ్చే సూచనల పుస్తకంలో పేజీల కొద్దీ ఒక టేబుల్ అచ్చేస్తారు. యాభై డాలర్లకో వరస, పిల్లల సంఖ్యను బట్టి గడులు. 10,000 నుంచి 10,050 లోపు వరసలో ఇద్దరు పిల్లల గడిలో 4,010 అని ఉంటుంది. మధ్యలో ఉన్న 10,025లో 40 శాతమది. వేలు పెట్టి వరస చూసుకుంటే చాలు, లెక్కలు రానివాళ్లకూ అందుతుంది.

వీటన్నిటినీ మించి నాకు నచ్చింది పిల్లల నిర్వచనం. ఎవరు పోషించారు, ఎవరు ఫీజు కట్టారు అని ఈఐటీసీ అడగదు. ఏడాదిలో సగానికి పైగా బిడ్డ ఎవరి ఇంట్లో ఉన్నాడని చూస్తుంది. బిడ్డ అంటే కన్నబిడ్డే కానక్కర్లేదు. మనవడు, చెల్లెలు, మేనల్లుడు, అధికారికంగా అప్పగించిన పెంపుడు బిడ్డ, అందరూ వస్తారు. అమ్మమ్మ పెంచుతుంటే అమ్మమ్మ పేరున తీసుకోవచ్చు. ఆసుపత్రిలో ఉన్న రోజులు, చదువుకోసం బయట ఉన్న రోజులు ఇంట్లో ఉన్నట్టే లెక్క. ఇల్లంటే అద్దె కొంపైనా ఉండాలా అంటే, అక్కర్లేదు. నిరాశ్రయుల వసతిగృహంలో ఉన్నా అదే ఇల్లు. రుజువుగా బడి రికార్డు, డాక్టరు రికార్డు, ఇంటి యజమాని రాసిచ్చిన కాగితం లాంటివి ఒప్పుకుంటారు. పేదవాళ్ల కుటుంబాలు నిజంగా ఎలా ఉంటాయో చూసి రాసిన చేయి ఇది.

వచ్చిన రిఫండ్‌ను ఫెడరల్ సాయంతో నడిచే పథకాలు ఆదాయంగా లెక్కించకూడదు, ఏడాదిపాటు ఆస్తిగానూ చూడకూడదు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోకుండా వేసిన ముడి.

లోపాలున్నాయి. ఆ దిగే వాలులో 21 శాతం క్రెడిట్ తగ్గుతుంది, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు 7.65, ఆదాయపన్ను 10. అన్నీ కలిపితే అదనపు వంద డాలర్లలో దాదాపు 39 పోతాయి. కోటీశ్వరుడి ఆదాయపన్ను పైమెట్టు 37. పిల్లలున్న ఇద్దరు పెళ్లాడితే విడివిడిగా వచ్చినంత రాకపోవచ్చు. అన్నిటికన్నా పెద్ద లోపం, అర్హుల్లో అయిదుగురిలో ఒకరు అడగనే అడగరు. ఫారం చూసి బెదిరిపోయేవాళ్లున్నారు, దాన్ని నింపినందుకు రిఫండ్‌లో వాటా మింగేవాళ్లూ ఉన్నారు.

పనిచేసినవాళ్లకే అన్న లాంగ్ షరతు వల్ల, సంపాదనే లేని ఇళ్ల పిల్లలు ఎప్పుడూ బయటే. 2021లో ఒక్క ఏడాది చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్‌కు ఆ షరతు తీసేశారు. ఆరేళ్ల లోపు బిడ్డకు 3,600 డాలర్లు, అంతకన్నా పెద్ద పిల్లలకు 3,000, అందులో సగం జూలై నుంచి నెలనెలా ఖాతాలో వేశారు. సాయాల్ని కూడా కలిపి లెక్కించే కొలతలో బాలల పేదరికం ఆ ఏడాది 5.2 శాతానికి పడిపోయింది. పథకం ఆగిపోయాక 2022లో 12.4 అయింది. లాంగ్ గీసిన గీత గొప్పదే, దానికి అడుగున ఒక నేల కూడా ఉండాల్సింది.

అమెరికాలోని తెలుగువాళ్లందరూ సాఫ్ట్‌వేర్‌వాళ్లు కారు. గ్యాస్ స్టేషన్లలో, హోటళ్లలో, దుకాణాల్లో పనిచేసి పిల్లల్ని చదివించుకునేవాళ్లు మీ చుట్టాల్లోనూ ఉండొచ్చు. వాళ్లకు ఈ నాలుగు మాటలు చెప్పండి. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే ఇద్దరికీ, లెక్కలో చూపే పిల్లలకూ పనిచేసే అర్హతనిచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి, ఐటిన్ అనే పన్ను గుర్తింపు నంబరు చాలదు. పన్ను పడకపోయినా రిటర్ను వేయాలి, వేయకపోతే ఏమీ రాదు. డబ్బిచ్చి ఎవరిచేతో రాయించుకోనక్కర్లేదు, వీటా అనే పన్ను సహాయ కేంద్రాల్లో వలంటీర్లు ఉచితంగా చేస్తారు, ఒకరు రాసింది ఇంకొకరు సరిచూస్తారు. మర్చిపోయిన ఏడాదికి కూడా గడువు తేదీ నుంచి మూడేళ్ల దాకా అడగొచ్చు.