ఊరికే వచ్చే నవలలు – ఒక చదువరి పద్దు

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. పూర్తిచేసి, బ్యాంకు పరీక్ష రాసి, ముప్పై ఏళ్ళుగా ఇతరుల డబ్బు లెక్కపెడుతున్నవాణ్ణి. అంచేత శిల్పం, సంవిధానం వంటి పెద్ద మాటలు ఈ వ్యాసంలో దొరకవు. ఒక నవల ముగించాక ‘నేను పెట్టిన పొద్దుకు వడ్డీ అయినా ముట్టిందా?’ అన్నదొక్కటే నాకు చేతనయిన కొలత.

ఇల్లు హోసూరులో, ఉద్యోగం బెంగళూరులో. మధ్య దూరం నలభై కిలోమీటర్లే. అత్తిబెలె దగ్గర రాష్ట్రం మారుతుంది, సిల్క్ బోర్డు దగ్గర బస్సు ఆగిపోతుంది. పోనూ రానూ రోజుకు మూడు గంటలకు తక్కువ కాదు. రెండేళ్ళుగా ఆ మూడు గంటలూ ఫోన్‌లో ఉచితంగా దొరికే తెలుగు నవలలకే ఇచ్చాను. చాలావరకు థ్రిల్లర్లూ ప్రేమ నవలలూ. అన్నీ చివరిదాకా చదివానని అబద్ధం చెప్పను. కొన్ని పదో భాగం దగ్గరే విడిచిపెట్టాను. ఒకటి రెండు మాత్రం దిగవలసిన స్టాపు దాటించాయి.

“ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతావు” అని మా ఆఫీసులో ఒక మిత్రుడు ఎగతాళి చేస్తాడు. చదవకుండానే చులకన చేయడం అతని పద్ధతి. దీనికి ఎదురుగా ఇంకో పద్ధతి ఉంది: పాపం, రాసినవారు మన దగ్గర పైసా తీసుకోలేదు కదా, తప్పెన్నడం దేనికి అన్న మొహమాటం. నా దృష్టిలో రెండూ ఒకటే. రెండింటిలోనూ పుస్తకాన్ని పుస్తకంగా చూడటం లేదు. వెల లేని ఖాతాకైనా ఆడిట్ ఉండాలి. పేర్లు మాత్రం రాయను. ఉద్యోగాలూ వంటిళ్ళూ చూసుకుంటూ రాత్రిపూట రాసేవాళ్ళు వాళ్ళు. దోషం చెబితే చాలు, మనిషిని చూపించనక్కరలేదు.

ఊరికే వచ్చే నవల మన తరానికి కొత్తదేమీ కాదు. స్వాతి మాసపత్రిక కొంటే అనుబంధ నవల వెంట వచ్చేది. చతుర కొంటే నెలకో పూర్తి నవల చేతికొచ్చేది. 2021లో అది ఆగిపోయింది. మిగతావన్నీ అద్దె పుస్తకాలే. హోసూరు బస్టాండు వెనక ఒక సందులో అట్టలు ఊడిపోయిన నవలలు రోజుకు అర్ధరూపాయి అద్దెకు ఇచ్చేవారు. రెండో రోజయితే ఇంకో అర్ధరూపాయి. ఆ భయానికి రాత్రికి రాత్రే ముగించేవాళ్ళం. మధుబాబు షాడో అలాగే చదివాను, యండమూరి ‘తులసిదళం’ అలాగే చదివాను. అద్దె గడువు మనల్ని తొందరపెట్టేది గానీ, కథ అప్పటికే పూర్తిగా రాసి ఉండేది.

ఇప్పటి ఉచితం అటువంటిది కాదు. నవల ముక్కలుగా వస్తుంది. ఈరోజు రెండు పేజీలు, రేపు రెండు పేజీలు. రచయితకే ముగింపు తెలియదని పదిహేనో భాగానికల్లా మనకు తెలిసిపోతుంది. ధారావాహికలు వెనకా ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ వారపత్రికలో ఒక సంపాదకుడు ఉండేవాడు, సాగదీస్తే ఆపమనేవాడు. ఇక్కడ ఆపమనేవాడు లేడు, సాగితేనే లాభం. నూట ఇరవై భాగాల ప్రేమ నవలొకటి చదివాను. అందులో నాయిక నలభై భాగాలు ఆసుపత్రి మంచం మీదే ఉంది. డబ్బు అడగలేదు సరే, నా దగ్గర వసూలు చేసింది దినవాయిదాల్లో చేసింది. చక్రవడ్డీతో సహా.

ఈ ముక్కల పద్ధతి ఎక్కువగా దెబ్బతీసింది థ్రిల్లర్‌ని. ప్రేమకథ కాస్త వంకరపోయినా నడుస్తుంది. హత్యకథకు మాత్రం మొదటి పేజీ రాసేటప్పుడే చివరి పేజీ తెలిసుండాలి. నేను చదివిన ఒకదానిలో మూడో భాగంలో ఎడమచేతివాటం ఉన్న హంతకుడు ముప్పయ్యో భాగంలో కుడిచేత్తో సంతకం పెట్టాడు. మలుపేమో అని ఆశగా కాచుకున్నాను. కాదు, మరపు.

ఇక్కడ కొమ్మూరి సాంబశివరావు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? ఆయన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు – ఈ ముగ్గురిదీ మద్రాసు. మన తమిళనాడు తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోవచ్చు: తెలుగువారిలో పేరుమోసిన డిటెక్టివ్ కాపురం ఆంధ్రదేశం బయటే. ‘ఉరితాడు’, ‘ప్రమీలాదేవి హత్య’ గొప్ప సాహిత్యమని నేను వాదించను. స్త్రీ పాత్రలు కొన్నిచోట్ల బొమ్మల్లా ఉంటాయి. కానీ ఎవరు ఎన్ని గంటలకు ఎక్కడ ఉన్నారు, తలుపు లోపలినుంచి వేసుందా బయటినుంచా అన్న పద్దు ఆయన దగ్గర తప్పదు. కూడిక సరిపోయేది.

ఇప్పటి ఉచిత థ్రిల్లర్లలో నాకు బాగా తెలిసిన చోటు బ్యాంకు, అక్కడే కూడిక తప్పుతోంది. ఒక హాకర్ కాఫీ తాగుతూ మూడు నిమిషాల్లో ఐదువందల కోట్లు ఒక ఖాతానుంచి ఇంకొక ఖాతాకు దాటిస్తాడు. వేసేవాడొకడు, ఆమోదించేవాడొకడు అన్న బ్యాంకు ప్రాథమిక సూత్రం ఆ ఊళ్ళో లేదు కాబోలు. మరొకదానిలో విలన్ తన తాళంచెవితో అర్ధరాత్రి లాకరు తెరుస్తాడు. ఖాతాదారు చెవితోపాటు బ్యాంకువాళ్ళ చెవి కూడా తిరిగితేనే లాకరు తెరుచుకుంటుంది. ఆ రెండో చెవి ఎలా సంపాదించాడన్నదే అసలు థ్రిల్లర్! రాయవలసిన నవలను పక్కనపెట్టి అక్కరలేనిది రాశారు. పోలీసులూ డాక్టర్లూ చదివితే వాళ్ళ లెక్కలు వాళ్ళూ తీస్తారనుకుంటాను.

ప్రేమ నవలల సంగతి వేరు. నాకు వాటిమీద మొదట ఉన్న చులకన చదివేకొద్దీ తగ్గింది. లోపాలు లేక కాదు. నూటికి ఎనభై నవలల్లో నాయకుడు కంపెనీ యజమాని. నవ్వడు, నాలుగు కార్లుంటాయి. నాయిక తండ్రి అప్పు తీర్చలేక ఆమె ఒక ఏడాదికి ‘కాంట్రాక్టు పెళ్ళి’ చేసుకుంటుంది. కామర్సు విద్యార్థి ఎవడైనా చెబుతాడు: 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ముందు ఆ కాగితం నిలబడదు. ఆమె మొదటి భాగంలోనే ఒక వకీలును కలిస్తే మిగతా తొంభై భాగాలు ఉండవు.

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960లలో జ్యోతి మాసపత్రికలో వచ్చింది. అందులోనూ నాయకుడు ధనవంతుడే, అందగాడే. ఇప్పటివాళ్ళందరికీ ఆ రాజశేఖరమే తాత. కానీ జయంతి ఉద్యోగం చేసి జీతం తెచ్చుకునే మనిషి. అతను కలిగినవాడని తలవంచదు. ఆ పట్టుదలే కథను నడుపుతుంది. అరవై ఏళ్ళ తరువాతి నాయిక సంతకం పెట్టి ఏడుస్తూ కూర్చుంటే ముందుకు పోయామో వెనక్కి పోయామో నాకు తెలియలేదు.

అయినా వీటిలో నిజం ఉన్నచోట గట్టిగా ఉంది. పేరులేని ఒక నవలలో ఒక ఘట్టం చెబుతాను. కోడలు ఉద్యోగం చేస్తుంది. ఏటీఎం కార్డు అత్తగారి బీరువాలో ఉంటుంది. ఒకరోజు బస్సు పాసుకు డబ్బు కావాలి. అడగడానికి అత్తగారు పూజ ముగించేదాకా వంటింటి గడప దగ్గర నిలబడుతుంది. పూజ ఆరోజు చాలా సేపు సాగుతుంది. అంతే. ఏడుపులు లేవు, ఉపన్యాసం లేదు. ముప్పై ఏళ్ళు కౌంటరుకు ఇవతల కూర్చుని, తన జీతం ఖాతాలో ఎంతుందో భర్తను అడిగి చెబుతానన్న ఆడవాళ్ళను ఎందరినో చూశాను. ఆ రచయిత్రి కూడా చూసింది. ఆ రెండు పేజీల కోసం మిగతా ఎనభై భాగాలను క్షమించాను.

థ్రిల్లర్లు రాసేవారు తెలియని పనిని రాస్తున్నారు, ప్రేమ నవలలు రాసేవారు తెలిసిన ఇంటిని రాస్తున్నారు. తేడా అక్కడే ఉందని నా అనుమానం.

ఇంకో ఫిర్యాదు మనలాంటి బయటివాళ్ళది. ఈ నవలలన్నీ హైదరాబాదులో జరుగుతాయి, తప్పితే విశాఖపట్నంలో. బరంపురంలో పుట్టిన నాయిక లేదు, కోయంబత్తూరు నాయకుడు లేడు. మా ఇంట్లో పలికే మడక, గెనిమ, సంగటి వంటి మాటలు ఏ నవలలోనూ తగల్లేదు. రాసేవాళ్ళను అని లాభం లేదు. మనం రాయడం లేదు.

మా మేనకోడలి మాట చెప్పాలి. ఆ పిల్ల 2006లో ఒకటో తరగతిలో చేరింది. తమిళనాడులో తమిళం తప్పనిసరి అయిన చట్టం ఆ ఏడాదే వచ్చి, ఒకటో తరగతితోనే అమలు మొదలయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, అక్షరం రాదు. వాళ్ళమ్మ ఎంత చెప్పినా దిద్దలేదు. అటువంటిది ఇరవైమూడేళ్ళ వయసులో ఈ ప్రేమ నవలలను మొదట ఫోన్‌లో వినడం మొదలుపెట్టి, వినిపించేవి అయిపోయాక ఆగలేక, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. నేను తప్పులెన్నిన ఆ నూట ఇరవై భాగాల నవలే ఆమెకు పెద్దబాలశిక్ష. మొన్నొకరోజు అడిగింది: “మామా, ‘అలవోకగా’ అంటే ఏమి?” ఆ నాయకులంతా ఏ పనైనా అలవోకగానే చేస్తారు. మా ఇంట్లో ఎవరూ ఏదీ అలవోకగా చేసిన గుర్తు లేదు, అర్థం చెప్పడానికి కాస్త ఇబ్బందిపడ్డాను.

ఆ సందర్భంలోనే ఒక నవలలో బ్యాంకువాళ్ళు తెల్లవారేసరికి నాయిక ఇంటికి తాళం వేసిన ఘట్టం చూపించి, నిజమేనా అంది. కాదన్నాను. వాయిదా తప్పి 90 రోజులు దాటాకే అది మొండి బాకీ అవుతుంది, ఆ తరువాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద నోటీసు ఇచ్చి ఇంకో 60 రోజులు ఆగాలి, ఎంత త్వరపడినా 150 రోజులకు ముందు ఇంటిమీద చెయ్యి వెయ్యలేరు అని విడమరిచి చెప్పాను. రచయితను పట్టేశానన్న తృప్తి నా గొంతులో ఉండే ఉంటుంది.

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. “అట్లయితే ఆ నూటయాభై దినాలే రాసుంటే బాగుండేది కదా మామా. దినమూ భయపడతా చదువుతా ఉందుము” అంది.