సంవేదనకూ తృష్ణకూ మధ్య

దుఃఖానికి మూలం తృష్ణ అని బుద్ధుడు చెప్పినట్టు బడిలోనే చదువుకున్నాం. ఆ తృష్ణ ఎక్కడ పుడుతుందో, పుట్టిన చోటే దాన్ని ఎలా ఆపాలో తెలియాలంటే మాత్రం సాధన చేయాల్సిందే. ఆ సాధన పేరు విపశ్యన.

బౌద్ధంలోని ప్రతీత్య సముత్పాదం ఈ క్రమాన్ని విప్పి చెబుతుంది. స్పర్శ వల్ల సంవేదన (ఒంట్లో కలిగే అనుభూతి), సంవేదన వల్ల తృష్ణ కలుగుతాయి. ఎవరో ఒక మాట తూలగానే ఒళ్ళు వేడెక్కుతుంది, గుండె దడదడలాడుతుంది. మనం ఆ మాట మీద కోప్పడ్డామనుకుంటాం. విపశ్యన దృష్టిలో మాత్రం మన మనసు ఎదురు తిరిగింది ఒంట్లో రేగిన ఆ ఇబ్బంది మీదే. అందుకే సంవేదన తృష్ణగానో ద్వేషంగానో మారకముందే దాన్ని గమనించడం విపశ్యన నేర్పుతుంది.

బర్మా గురుపరంపరలో నిలిచిన ఈ పద్ధతిని మన కాలానికి అందించినవారు సయాజీ ఊ బా ఖిన్. ఆయన బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన గృహస్థుడు. మాండలేలో పుట్టిన వ్యాపారి సత్యనారాయణ గోయెంకా తీవ్రమైన మైగ్రేన్‌తో బాధపడుతూ 1955లో ఆయన దగ్గరకు చేరారు. పద్నాలుగేళ్ళు అక్కడే సాధన చేసి, 1969లో భారతదేశానికి వచ్చి శిబిరాలు మొదలుపెట్టారు.

శిబిరం పది రోజులు. పంచశీల అనే ఐదు నైతిక నియమాలు పాటించాలి. తొమ్మిది రోజులు ఆర్య మౌనం: తోటి సాధకులతో మాట, సైగ ఏదీ ఉండదు. తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది. తొలి మూడు రోజులూ ఆనాపానమే. ముక్కుపుటాల దగ్గర వచ్చిపోయే శ్వాసను ఉన్నదున్నట్టు గమనించాలి. మంత్రం లేదు, రూపం లేదు, శ్వాసను బిగబట్టడమూ లేదు. ఇలా సూక్ష్మమైన మనసుతో నాలుగో రోజు విపశ్యన మొదలుపెడతారు. తల నుంచి పాదం దాకా ఒక్కో అవయవం మీదుగా దృష్టి సాగించి, అక్కడి నొప్పి, దురద, వేడి, తిమ్మిరి ఏదైనా సరే గమనించి ముందుకు వెళ్ళాలి. రోజూ మూడుసార్లు, గంటసేపు కాళ్ళూ చేతులూ కదల్చకుండా కూర్చోవడం అధిష్ఠానం. మోకాలి నొప్పి పెరగడం, మారడం, తగ్గడం ఆ గంటలో ప్రత్యక్షంగా తెలుస్తుంది. అనిత్యత అప్పుడు సొంత అనుభవమవుతుంది.

కొందరికి ఒళ్ళంతా హాయిగా ప్రవహించే సంవేదన కలుగుతుంది. అది మళ్ళీ రావాలని కోరుకుంటే తృష్ణ తిరిగి మొలకెత్తినట్టే. నొప్పినీ హాయినీ ఒకే సమతతో చూడగలిగితేనే సాధన సరైన దారిలో ఉన్నట్టు. పదో రోజు మౌనం విడిచి, సకల జీవుల మేలు కోరే మైత్రీ భావన నేర్పుతారు.

ఈ విద్య విలువ ఆశ్రమ గోడలు దాటింది. 1994లో తీహార్ జైలులో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకే శిబిరంలో కూర్చున్నారు. శిబిరానికి రుసుము లేదు. పూర్తిచేసినవారు మనస్ఫూర్తిగా ఇచ్చే దానాలతోనే నడుస్తుంది. హైదరాబాద్‌లో ధమ్మఖేత్త, నాగార్జునసాగర్‌లో ధమ్మనాగజ్జున, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మవిజయ మన తెలుగువారికి అందుబాటులో ఉన్నాయి.

తీవ్రమైన మానసిక సమస్యలున్నవారు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి, దరఖాస్తులో ఆ విషయం దాచకూడదు. మిగతావారు జీవితంలో ఒక్కసారైనా ఈ పది రోజులు కేటాయించండి. ఇంటికొచ్చాక ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట సాధన మానకండి. శాంతి మనలో స్థిరపడేది ఆ నిత్యసాధనతోనే.