బూర కడుపులో చిలుము

ఆషాఢం వచ్చిందంటే పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. బ్యాండు మేళం వాళ్ళ ట్రంపెట్లు, యుఫోనియంలు పెట్టెల్లోకో అటక మీదికో చేరతాయి. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేదాకా వాటి జోలికి ఎవరూ పోరు. వానలు పడి గాలి తేమెక్కే రోజులూ అవే. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో ఊరేగింపుల ముందు రాత్రంతా మోగిన వాద్యం లోపలి తడి ఆరకుండానే మూసిన పెట్టెలో నెల రోజులు పడి ఉంటుంది. తీరా బయటికి తీస్తే వాల్వు నొక్కితే దిగదు, దిగితే పైకి రాదు. మౌత్‌పీస్ బిగుసుకుపోయి ఉంటుంది. అయినా పైన పాలిష్ పెట్టి రుద్దితే కాసేపట్లో తళతళలాడుతుంది. చూసేవాళ్ళకు అదే కొత్త వాద్యం. వాయించేవాడికి మాత్రం తెలుసు, లోపల ఏదో అడ్డం పడుతోందని.

ఆ అడ్డం ఎక్కడిదో చూద్దాం. బీ ఫ్లాట్ ట్రంపెట్ గొట్టాన్ని సాగదీసి కొలిస్తే దాదాపు ఒకటిన్నర మీటరు ఉంటుంది. లోపలి వ్యాసం సుమారు 11.7 మిల్లీమీటర్లు. వెచ్చటి ఊపిరి చల్లటి లోహానికి తగలగానే నీరవుతుంది. వాయించేవాడు పాట మధ్యలో చిన్న మీట నొక్కి నేల మీదికి వదిలేది ఉమ్మి అనుకుని పక్కవాళ్ళు ముఖం చిట్లిస్తారు కానీ, అందులో చాలా భాగం ఊపిరిలోని ఆవిరే. అయితే లాలాజలమూ కొంత ఉంటుంది. దాంతో పాటు అంతకుముందే తాగిన టీ, నమిలిన కిళ్ళీ, తిన్న లడ్డూ కూడా కొద్దికొద్దిగా లోపలికి పోతాయి. వాల్వులకు వేసిన నూనె వీటికి తోడై గోడలకు జిగటగా పట్టుకుంటుంది. ఎండితే గట్టిపడుతుంది, దాని కింద పచ్చగా చిలుము పుడుతుంది.

ఈ మకిలి ఎక్కువగా పేరుకునేది మౌత్‌పీస్‌లోనూ, దాని వెనకే ఉండే మొదటి గొట్టంలోనూ. లీడ్‌పైపు అంటారు దాన్ని. వాద్యం మొత్తంలో అత్యంత సన్నని దారి కూడా ఇక్కడే. మౌత్‌పీస్ గొంతు వ్యాసం నాలుగు మిల్లీమీటర్ల లోపే. అక్కడ పల్చటి పొర పేరుకున్నా శ్రుతి కదులుతుంది, కొన్ని స్వరాలు మూగబోతాయి. పెదవి అలిసిపోయిందనో, వయసు మీద పడిందనో అనుకుని సరిపెట్టుకునే వాయిద్యగాళ్ళలో కొందరి కష్టం అరగంట పాటు కడిగితే తీరేదే.

ఇది ఆరోగ్యానికీ సంబంధించిన సంగతి. అమెరికాలోని కనెక్టికట్ వైద్యులు 2010లో ఒక ట్రాంబోన్ వాద్యకారుడి గురించి వైద్య పత్రికలో రాశారు. వయసు 35 ఏళ్ళు, పదిహేనేళ్ళుగా వదలని దగ్గు. అతని ట్రాంబోన్ లోపల బూజు, క్షయ క్రిమి కుటుంబానికి చెందిన సూక్ష్మజీవులు కనిపించాయి. వాద్యాన్ని క్రమం తప్పకుండా శుభ్రం చేయడం మొదలుపెట్టాక దగ్గు తగ్గింది. ఇలాంటివి అరుదే. అయినా ఒకరి మౌత్‌పీస్‌ను కడగకుండా ఇంకొకరు అందుకునే అలవాటును మాత్రం మానుకోవాలి.

ఇక లోహం సంగతి. వాద్యాలకు మామూలుగా వాడే పసుపు ఇత్తడిలో సుమారు 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. లోపల పులుపు, ఉప్పు కలిసిన తడి నిలిస్తే ముందు జింకు కరిగిపోతుంది. మిగిలేది స్పాంజిలా బోలుబోలుగా ఉండే రాగి. అది లోపలి నుంచి బయటికి తినుకుంటూ వచ్చి చివరికి లీడ్‌పైపు మీద గులాబీ రంగు మచ్చగా తేలుతుంది. మరమ్మతు చేసేవాళ్ళు దీన్ని రెడ్ రాట్ అంటారు. మచ్చ కనబడేసరికి గోడ చాలావరకు పోయి ఉంటుంది. దానికి మందు లేదు, గొట్టం మార్చాల్సిందే. ఈ తెగులును తట్టుకోవడానికే కొందరు తయారీదారులు లీడ్‌పైపు మట్టుకు 85 పాళ్ళు రాగి ఉన్న ఇత్తడితో చేస్తారు.

ఇక్కడే మన వంటింటి తెలివి అడ్డం తిరుగుతుంది. ఇత్తడి అనగానే మన చేయి చింతపండు మీదికి పోతుంది. బిందెలు, చెంబులు, దీపపు కుందులు తరతరాలుగా దానితోనే తోముకున్నాం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం మకిలిని కరిగించడం నిజమే. బిందె గోడ మందం, లోపల చేయి పడుతుంది, కడిగి బోర్లిస్తే పులుపు చుక్క కూడా మిగలదు. ట్రంపెట్ గోడ మందం సుమారు అర మిల్లీమీటరు. మలుపుల్లోకి చేయీ పోదు, కన్నూ పోదు. అక్కడ నిలిచిన పులుపు మకిలితో ఆగకుండా జింకునూ లాగుతుంది. నిమ్మకాయ, వెనిగర్ కూడా అంతే. బాత్‌రూముల ఆసిడ్ పోసేవాళ్ళకైతే దండం పెట్టడం తప్ప చెప్పగలిగిందేమీ లేదు. మరమ్మతు దుకాణాల్లో పల్చటి ఆమ్లపు తొట్టెలు వాడతారు, కానీ పాళ్ళు కొలిచి, నిమిషాలు లెక్కబెట్టి, తర్వాత పూర్తిగా కడిగేస్తారు. అది వాళ్ళ పని.

అమ్మోనియా ఉన్న ద్రావకాలు మరీ ప్రమాదం. దీని వెనక మన దేశంలోనే జరిగిన కథ ఒకటుంది. బ్రిటిష్ సైన్యం ఇక్కడ తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ ఉంచేది. వానాకాలం వచ్చేసరికి వాటి ఇత్తడి గుల్లలు వాటంతటవే పగుళ్ళు బారేవి. కారణం చాలాకాలం తెలియలేదు. 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు తేల్చారు: గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గుల్లను సాగదీసి చేసేటప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి, ఈ రెండూ కలిసి ఇత్తడిని చీలుస్తున్నాయి. ట్రంపెట్ గొట్టం కూడా సాగదీసి, వంచి చేసిందే కదా!

సరైన పద్ధతికి పెద్ద సరంజామా అక్కర్లేదు. టబ్బు అడుగున పాత తువ్వాలు పరిచి గోరువెచ్చటి నీళ్ళు పోయండి. పసిబిడ్డకు స్నానం పోసేంత వెచ్చదనం చాలు. వేడి ఎక్కువైతే పాత లక్క పూత పెచ్చులుగా లేస్తుంది. గిన్నెలు కడిగే సబ్బు ద్రవం కొన్ని చుక్కలు కలపండి.

ముందుగా స్లైడులు లాగి, ఆ తర్వాత వాల్వులు విప్పాలి. పిస్టన్ల మీద 1, 2, 3 అని చెక్కి ఉంటుంది. వాయించేవాడికి దగ్గరగా ఉండేది ఒకటి. విప్పిన వరుసలోనే గుడ్డ మీద పేర్చుకోండి. పిస్టన్‌కూ దాని గూటికీ మధ్య సందు వెంట్రుక మందం కూడా ఉండదు, అందుకే ఒకదాని చోట ఇంకొకటి పనికిరాదు. 1839లో పారిస్‌లో ఫ్రాంస్వా పెరినే పేటెంటు తీసుకున్న ఈ పిస్టన్ వాల్వు నమూనానే ఇవాళ్టి ట్రంపెట్లలోనూ కనిపిస్తుంది. ఒక్కటి చేయి జారి గచ్చు మీద పడిందా, ఆ వంకర కంటికి కనబడదు కానీ వాల్వు మాత్రం ఇరుక్కుంటుంది. పిస్టన్‌ను కింది భాగం వరకే తడిపి మెత్తటి గుడ్డతో తుడవాలి, పైనున్న ఫెల్టు, కార్కు నానకూడదు. గరుకు కాగితం, స్టీలు పీచు దగ్గరికే రానివ్వొద్దు. రోటరీ వాల్వులున్న వాద్యమైతే వాటిని విప్పే సాహసం ఇంట్లో చేయవద్దు.

స్లైడు లాగేటప్పుడు దానికి సంబంధించిన వాల్వు నొక్కి పట్టుకోవాలి. లేకపోతే లోపల గాలి బిగదీసి టప్పుమని ఊడుతుంది, కీళ్ళు అరుగుతాయి. ఇది వాల్వులు విప్పకముందే చేసే పని.

వాద్యాన్ని ఇరవై, ముప్పై నిమిషాలు నానబెట్టి, ఆ తర్వాత పాములా వంగే పొడవాటి బ్రష్షు పట్టుకోండి. ప్లాస్టిక్ తొడుగు ఉన్నదే వాడాలి, బోసి తీగ లోపలి గోడను గీరుతుంది. ఒక వైపు నుంచి పోయినంత దూరం పోనిచ్చి, తర్వాత రెండో వైపు నుంచి రండి. మలుపు దగ్గర ఆగితే తోయకండి. ఇనుప చువ్వతో పొడిచేవాళ్ళనీ, గుడ్డ పీలికను తాడుకు కట్టి లాగి మధ్యలో తెంపుకునేవాళ్ళనీ మరమ్మతు దుకాణాలు ఎప్పుడూ చూస్తూనే ఉంటాయి. టబ్బులోకి దిగే పచ్చటి నీళ్ళు చూసి భయపడనక్కర్లేదు కానీ చిలుము విషం, చేతులు కడుక్కోవడం మరవొద్దు. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, ఆరితే తెల్లటి పొర వదులుతుంది. అందుకని చివరిసారి ఫిల్టరు నీళ్ళతో తొలపడం మేలు.

బిగుసుకున్న మౌత్‌పీస్‌ను శ్రావణంతో పట్టి మెలిపెడితే లీడ్‌పైపే మెలితిరుగుతుంది. దానికి ప్రత్యేకమైన పుల్లర్ ఉంటుంది, ఏ దుకాణంలోనైనా నిమిషంలో తీసిస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైనదీ, అందరూ ఎగ్గొట్టేదీ ఆరబెట్టడం. స్విట్జర్లాండులో బెర్న్ కళల విశ్వవిద్యాలయం, పాల్ షెరర్ సంస్థ వంటివి కలిసి పాత ఇత్తడి వాద్యాలను వాయిస్తే ఏమవుతుందో పరిశోధించాయి. న్యూట్రాన్లు ఇత్తడిని దాటిపోతాయి, నీటి దగ్గర ఆగుతాయి. అందుకే వాటితో తీసిన చిత్రంలో గొట్టం లోపల తడి ఎక్కడ నిలిచిందో కనబడుతుంది. వాయించాక చిన్న ఫ్యానుతో లోపలికి గాలి ఆడించే పద్ధతిని కూడా వాళ్ళు పరీక్షించారు. మన దగ్గర సీలింగు ఫ్యాను కింద స్లైడులు తీసి, బెల్లు కిందికి ఉంచి ఒక రాత్రి వదిలినా చాలు. పెట్టె మూత తెరిచే ఉంచండి.

ఆరాక వాల్వులకు పల్చటి వాల్వు నూనె, స్లైడులకు గ్రీజు. కొబ్బరి నూనె చలికి గడ్డకడుతుంది, వంట నూనెలు కొంతకాలానికి జిగురవుతాయి, రెండూ వద్దు.

కడిగాక కొన్ని వాద్యాలు కడగకముందు కన్నా అధ్వానంగా పలుకుతాయి. యజమాని కంగారుపడతాడు. జరిగిందేమిటంటే, సన్నటి రంధ్రాలను, విడిపోయిన టంకాలను అంతకాలం మకిలే పూడ్చి ఉంచింది. అది పోగానే గాలి బయటపడింది. గులాబీ మచ్చలున్న వాద్యాన్ని అతిధ్వని తరంగాలతో మకిలి వదిలించే తొట్టెలో పెట్టేముందు అనుభవమున్న పనివాడు రెండుసార్లు ఆలోచించేది ఇందుకే. అలాంటి చేతులు మన దేశంలో ఇంకా ఉన్నాయి. మీరట్ జలీ కోఠీ వీధుల్లో ఇత్తడి వాద్యాలు చేసేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు తరాల తరబడి ఉన్నారు. 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ ఊరూ అదే. తెల్లవాళ్ళ పటాలాల వెంట వచ్చిన ట్రంపెట్ మన పెళ్ళి ఊరేగింపులో నిలదొక్కుకుందంటే, వాయించినవాళ్ళతో పాటు దాన్ని విప్పి, కడిగి, టంకం పెట్టినవాళ్ళకూ అందులో వాటా ఉంది.

తాతగారి కాలం నాటి కార్నెట్ ఏదైనా ఇంట్లో ఉండి, దాన్ని వాయించే ఉద్దేశం లేకపోతే నీళ్ళలో ముంచకండి. పాత పూతల్లో కొన్ని లక్కతో చేసినవి, స్పిరిటు తగిలితే కరుగుతాయి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, తయారీదారు పేరు చెక్కిన చోట పాలిష్ పెట్టకుండా, పొడిగా ఉన్న అలమరాలో ఉంచండి. ఎప్పుడైనా వాయించాలనిపిస్తే అప్పుడే తెలిసిన మరమ్మతుదారుకు చూపించవచ్చు.