శరత్తు - సంధికాలము: ఆంధ్ర మహాభారతమున ఒక పరిశీలనము

ఆశ్వయుజ కార్తికములు శరదృతువు. వానలు వెనుకబట్టి, ఆకసము తేటవడి, చెరువులలోని బురద అడుగునకు దిగి, పైరు పొట్టకు వచ్చు కాలమిది. తెలుగువారి పండుగలలో పెక్కు ఈ రెండు నెలలలోనే కూడియున్నవి. అంతకన్న విశేషమేమనగా, తెలుగు సాహిత్యమునకు ఆదికావ్యమైన ఆంధ్ర మహాభారతము ఒక కవి చేతినుండి మరియొక కవి చేతికి మారిన చోటు కూడ శరద్వర్ణనమే. ఈ రెండును యాదృచ్ఛికముగా కలిసిన సంగతులే కావచ్చును. కాని యాదృచ్ఛికమైన దానికి ఒక జాతి ఏ అర్థమును కల్పించుకొన్నదో పరిశీలించుట విమర్శకుని పనులలో ఒకటి. బెంగుళూరు వంటి పలుభాషల నగరమున తరతరాలుగా నివసించుచున్న తెలుగువారికి ఈ పరిశీలనము కేవలము సాహిత్యవినోదము కాదు. ఒకరు విడిచిన దానిని మరియొకరు ఏ తీరున అందుకొనవలెనను ప్రశ్న వారి యింటి ప్రశ్నయే.

నన్నయభట్టు నిలిచిన చోటు

పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమందు రాజరాజనరేంద్రుని ప్రేరణచే నన్నయభట్టు భారతాంధ్రీకరణమునకు పూనుకొనెను. ఆదిసభాపర్వములు పూర్తియైనవి. అరణ్యపర్వమున నాలుగవ ఆశ్వాసము నడుమ ఆయన రచన ఆగిపోయినది. ఆగిన చోట నున్నది శరత్కాలపు రాత్రుల వర్ణనము. చుక్కలు హారములవలె మెరయుట, వికసించిన పూల తావిని గాలి మోసికొనివచ్చుట, వెన్నెల కప్పురపు పొడివలె ఆకసమంతయు నిండుట అందలి భావములు. అక్షరరమ్యత యనగా నేమియో తెలిసికొనగోరువారికి ఈ యొక్క పద్యమును చూపిన చాలునని పండితులు చెప్పుదురు.

ఈ పద్యము చివరిది కావుటచేత దీనిచుట్టు అనేక కథలు అల్లుకొన్నవి. కవి తన అవసానమును ముందుగనే గ్రహించి ఈ రాత్రిని వర్ణించెననువారు కలరు. అరణ్యపర్వమును తెనిగించుట అరిష్టమని తిక్కన దానిని విడిచి విరాటపర్వమునుండి ఆరంభించెననువారు కలరు. ఇవి జనశ్రుతులే గాని చరిత్రలు కావు. మొదటి కథను సాహిత్యదృష్టితో పరిశీలించినచో అది నిలువజాలదు.

మొదటి హేతువు మూలముననే యున్నది. వ్యాసభారతమున ద్వైతవనమందలి పాండవులకు మొదట వర్షాకాలము, పిమ్మట శరత్కాలము వచ్చినట్లు వర్ణింపబడినది. వారు సరస్వతీతీరమున కార్తిక పూర్ణిమను గడపి, అటుపిమ్మట కామ్యకవనమునకు సాగిపోవుదురు. అనగా శరద్రాత్రుల వర్ణనము కథాక్రమమున వచ్చినదే గాని, కవి తన మనఃస్థితికై వెదకి తెచ్చుకొన్నది కాదు.

రెండవ హేతువు పద్యము యొక్క స్వభావము. అందు కొరత యనునది లేదు. అస్తమయము లేదు, రాలిన ఆకు లేదు, నిట్టూర్పు లేదు. ఉన్నదంతయు నిండుదనమే. ఐరోపా కవులకు ఆకురాలు కాలము క్షయమునకు చిహ్నమైనది. ఇంగ్లీషు చదువు వచ్చిన పిమ్మట ఆ సంకేతము తెలుగు విమర్శలోనికి కూడ తెలియకయే ప్రవేశించినది. దక్షిణాపథమున శరత్తు అట్టిది కాదు. ఇచ్చట ఆకు రాలునది శిశిరమున. శరత్తు తేటపడు కాలము. కావున ఈ పద్యమున మృత్యుచ్ఛాయను వెదకుట పరదేశపు ఋతువును తెచ్చి తెలుగు ఆకసమునకు అంటగట్టుటయే యగును.

అయినను పాఠకులు ఇన్ని తరములుగా ఈ పద్యమును చదువునపుడు గుండె బరువెక్కుట అసత్యము కాదు. ఆ బరువు పద్యమునుండి వచ్చినది కాదు, పద్యము తరువాతనున్న నిశ్శబ్దమునుండి వచ్చినది. పని నిండుగా సాగుచుండగనే చేయి ఆగినది. వార్ధక్యపు నీరసమున ఆగినదానికంటె ఇట్లు ఆగినది ఎక్కువగా కలచివేయును. మానవజీవితమున కూడ మార్పులు పెక్కు ఇట్టివే. సిద్ధపడి యుండగా వచ్చునవి కొన్ని, పని నడుమ వచ్చునవి మిక్కిలి.

ఎఱ్ఱన అందుకొన్న తీరు

నన్నయకును ఎఱ్ఱనకును నడుమ రమారమి 300 ఏండ్లు గడచినవి. ఈ నడిమి కాలమున, పదుమూడవ శతాబ్దమందు, తిక్కన తక్కిన 15 పర్వములను రచించి హరిహరనాథునకు అంకితమిచ్చెను. పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన అరణ్యపర్వశేషమును పూరించెను. ఇచ్చట ఆయన చేసిన మూడు పనులు గమనింపదగినవి.

మొదటిది, ఋతువును మార్చలేదు. నన్నయ శరద్రాత్రిని వర్ణించి నిలువగా, ఎఱ్ఱన శరత్ప్రభాతముతో ఆరంభించెను. మబ్బులు తొలగిన ఆకసము, ఎఱ్ఱని లేయెండ, విచ్చుకొన్న తామరలు, హంసల తుమ్మెదల ధ్వనులు. ముందటి కవి రాత్రియొద్ద విడిచినాడు గనుక తాను వేకువయొద్ద ఆరంభించుట సహజమని తోచును. కాని ఆ సహజత్వమును సాధించుటకు కావలసిన వినయము సామాన్యము కాదు. 300 ఏండ్ల పిమ్మట వచ్చిన కవి తన కాలపు అభిరుచితో, తన ముద్రతో క్రొత్తగా ఎత్తుకొనవచ్చును. ఎఱ్ఱన అట్లు చేయక, ఆ రాత్రి నిన్ననే గడచినట్లును ఈ తెల్లవారుట నేడే జరిగినట్లును వ్రాసెను.

రెండవది ఛందస్సునకు సంబంధించినది. నన్నయ విడిచిన పద్యము ఉత్పలమాల. ఎఱ్ఱన ఎత్తుకొన్నది చంపకమాల. ఉత్పలమాలలోని మొదటి గురువును రెండు లఘువులుగా విడదీసినచో చంపకమాల యగును. తక్కిన నడక యంతయు ఒక్కటియే. ముందుతరము వేసిన అడుగునే వేయుచు, మొదటి అడుగును మాత్రము కొంచెము తేలికపరచుకొనుట వంటిదిది. కవి దీనిని ఉద్దేశించి చేసెనా యను ప్రశ్నకంటె, ఉద్దేశింపకయే ఇది యింత చక్కగా పొసగెనను విషయము ఎక్కువ విలువ గలది. సంప్రదాయమున పెరిగిన చెవికి ఇట్టి సంధి అప్రయత్నముగ దొరకును.

మూడవది, పేరు. ఎఱ్ఱన తాను పూరించిన భాగమును రాజరాజనరేంద్రునకే అంకితముగా నడపెను. తన ప్రభువులు రెడ్డిరాజులైనను, నన్నయ ఆరంభమును నన్నయ మాటగానే ముగించుట న్యాయమని తలచెను. ఆరంభమున నన్నయ శైలికి దగ్గరగా నుండి, క్రమక్రమముగా తిక్కన శైలివైపు జరిగి విరాటపర్వపు గుమ్మమువద్దకు పాఠకుని చేర్చెనని విమర్శకులు మెచ్చుకొందురు. ఇది అనుకరణము కాదు. అనుకరించువాడు ఒక్కరినే పోలును. ఎఱ్ఱన ఇద్దరి నడుమ వంతెనయై నిలిచెను. వంతెనకు రెండు ఒడ్డులును తెలిసియుండవలెను.

ఇచ్చట ఒక ఆక్షేపణమునకు తావు కలదు. ఇంత అణకువ చూపిన కవి తన స్వరమును పోగొట్టుకొనలేదా యని అడుగవచ్చును. ఎఱ్ఱన హరివంశమును, నృసింహపురాణమును చదివినవారికి ఈ శంక నిలువదు. ఆయనకు స్వంత స్వరము లేక కాదు, దానిని ఎచ్చట వినిపింపవలెనో ఎచ్చట అణచుకొనవలెనో తెలిసియుండుట చేతనే అరణ్యపర్వశేషము అతుకు కనబడని వస్త్రమైనది.

జమ్మిచెట్టు

తిక్కన ఆరంభించిన విరాటపర్వముననే విజయదశమికి ఆధారమైన జమ్మిచెట్టు కలదు. పన్నెండేండ్ల వనవాసము ముగిసి, అజ్ఞాతవాసమునకు పోవుముందు పాండవులు తమ ఆయుధములను ఆ చెట్టుపై దాచిరి. తమ పేర్లను, వేషములను, వృత్తులను మార్చుకొనిరి. ఏడాది నిండిన పిమ్మట అర్జునుడు ఉత్తరుని చెట్టెక్కించి గాండీవమును దింపించుకొనెను. పండుగనాడు జనులు పూజించునది గెలుపును మాత్రమే యనుకొనుట పొరపాటు. ఆయుధమును దించి భద్రముగా దాచుటయు, సమయము వచ్చినపుడు దానిని మరల గుర్తించి తీసికొనుటయు ఆ పూజయందు ఇమిడియున్నవి. ఆయుధపూజనాడు పనిముట్లకు విశ్రాంతి నిచ్చుటలోని అంతరార్థమును ఇట్లే గ్రహింపవచ్చును.

శరత్తు రాజులకు దండయాత్రల కాలము. విజయనగర రాజులు మహానవమిని ఎంత వైభవముతో జరిపిరో 1443లో వచ్చిన అబ్దుల్ రజాకును, శ్రీకృష్ణదేవరాయల కాలమున వచ్చిన పోర్చుగీసు దేశీయుడు పేసును వ్రాసియుంచిరి. ఆ రాయలే ఆముక్తమాల్యదలో, నాలుగవ ఆశ్వాసమున, యామునాచార్యుని కథయందు వర్షాకాలమును, పిదప శరత్తును వర్ణించెను. ఆ కథ దండయాత్రతో ముగియదు. యామునుడు కుమారునికి రాజనీతిని ఉపదేశించి, రాజ్యమును అప్పగించి, శ్రీరంగమునకు పోవును. 1509 నుండి 1529 వరకు రాజ్యమేలి, ఎన్నియో యుద్ధములు చేసిన ప్రభువు తన కావ్యమున ఒక రాజు రాజ్యమును విడుచుటను ఇంత శ్రద్ధతో వ్రాయుట ఆలోచింపదగినది. నన్నయ విడిచినది తెలియక. యామునుడు విడిచినది తెలిసి, చెప్పవలసినదంతయు చెప్పి. అప్పగింతకు ఈ రెండును రెండు మార్గములు.

పండుగల వరుస

గ్రంథములను విడిచి లోకాచారమును చూచినను ఈ సంధిభావమే కనబడును. భాద్రపద బహుళము పితృపక్షము. మహాలయ అమావాస్యనాడు గతించినవారికి తిలోదకములు విడిచి, మరునాడే నవరాత్రి కలశమును నిలుపుదురు. తెలంగాణమున ఆ అమావాస్యనాడే తంగేడు, గునుగు పూలతో ఎంగిలిపూల బతుకమ్మను పేర్చుదురు. పోయినవారిని తలచుకొను దినమున బతుకును పేర పిలుచు పండుగ ఆరంభమగుట కంటె గంభీరమైన సంకేతము కావ్యములలో సైతము అరుదు. మూలానక్షత్రమున సరస్వతీపూజ విద్యార్థిది. మహానవమి పనివానిది. ఆశ్వయుజ బహుళ తదియనాటి అట్లతద్ది పెండ్లి కావలసిన కన్నెపిల్లది. దీపావళి అల్లుండ్రది. కార్తికదీపము, ఉసిరిచెట్టు నీడ వృద్ధులవి. రెండు నెలల పండుగలను వరుసగా నిలిపి చూచినచో ఒక మానవుని ఆయువు సమస్తము కనబడును.

బెంగుళూరున ఈ వరుసకు మరికొన్ని చేరినవి. కోస్తా జిల్లాల కుటుంబములు పెక్కు బొమ్మల కొలువును సంక్రాంతికి పెట్టుట వాడుక. మైసూరు ప్రాంతమున అది దసరాకు పెట్టునది. 1610లో శ్రీరంగపట్టణమున రాజ ఒడెయరు ఆరంభించిన దసరా వైభవపు నీడ అందు కలదు. ఇచ్చటి తెలుగు ఇండ్లు కొన్ని కొలువును దసరాకు జరుపుకొన్నవి, కొన్ని రెండుమారులు పెట్టుచున్నవి. ఒకే మెట్టుమీద కొండపల్లి బొమ్మయు, చన్నపట్టణపు లక్కబొమ్మయు, కన్నడ సోదరుల ఆచారమైన పట్టపు బొమ్మల జంటయు కూర్చుండును. ఆ జంట కొయ్యబొమ్మలను అత్తవారింటికి పోవు కూతురికి పుట్టినింటివారు ఇచ్చుట ఇచ్చటి మర్యాద. తెలుగువారి జమ్మి కన్నడిగులకు బన్ని. తెలంగాణమునను ఉత్తర కర్ణాటకమునను దాని ఆకును బంగారమని యిచ్చి పుచ్చుకొందురు. కార్తికమున కడపటి సోమవారమునాడు బసవనగుడిలో జరుగు వేరుసెనగకాయల జాతర రైతు తొలిపంటను బసవనికి చూపు పండుగ. అచ్చట బేరములు ఏ యొక్క భాషలోను సాగవు.

1956 నవంబరు 1వ తేదీ, ఆశ్వయుజ మాసాంతమున, భాషను బట్టి రాష్ట్రములు ఏర్పడినవి. ఆంధ్రప్రదేశమును, కన్నడ ప్రాంతములు కలిసిన విశాల మైసూరు రాష్ట్రమును ఒకే దినమున అవతరించినవి. మైసూరు 1973లో అదే తేదీన కర్ణాటకమను పేరు పొందినది. 2014లో తెలంగాణము వేరు రాష్ట్రమైనది. ఎల్లలు ఇన్నిమారులు మారినను బెంగుళూరు తెలుగువారు ఎల్లకు ఈవలనే యుండిరి. వారికి ఉత్తరవు ద్వారా సంక్రమించు భాష లేదు. ఇంటిలో ఒకరు విడిచిన చోట మరియొకరు అందుకొన్ననే ఉండును, లేకున్న లేదు.

ఉపసంహారము

కనుక ఈ పరిశీలనమువలన తేలునది ఇది. నన్నయ కడపటి పద్యము మరణసూచకము కాదు, నిండుదనపు చిత్రము. దానికి సంధిగౌరవము ఎఱ్ఱన చేతివలన కలిగినది. ఎఱ్ఱన రానిచో అది తెగిన తీగ. ఎఱ్ఱన వచ్చుటచేత అది తెల్లవారుటకు ముందటి రాత్రియైనది. ముగియకపోవుట లోపమా కాదా యని నిర్ణయించునది విడిచినవాడు కాదు, అందుకొన్నవాడు.

బెంగుళూరున పెరుగు తెలుగు బాలునికి పెద్దల తెలుగే యథాతథముగా రావలెనని కోరుట అత్యాశ. వాని మాటలో కన్నడము కలియును, ఇంగ్లీషు కలియును, తాతగారి యాస కొంత పోవును. గురువు రెండు లఘువులుగా విడిపోవచ్చును. దానికి వగవనక్కరలేదు. తక్కిన నడక నిలిచియున్నదా యనునదే చూడవలసినది. ఆ నడక చెవికి పట్టవలెనన్నచో పద్యము ఇంటిలో వినబడవలెను. నవరాత్రులలో ఒక్క సాయంకాలము కొలువుముందు పిల్లలచే ఈ రెండు పద్యములను, రాత్రిని వేకువను, వరుసగా చదివించుట పెద్ద వ్యయమైన పని కాదు. జమ్మిమీద దాచిన ఆయుధము ఏడాదికి దొరకినది, ఎక్కడ దాచిరో ఎరిగినవాడు ఒకడు చెట్టుక్రింద నిలిచియుండుట చేత. చెట్టు ఉన్నంత మాత్రమున అది దొరకియుండెడిది కాదు.