కర్ర చట్రం మీద క్వాడ్‌కాప్టర్

క్వాడ్‌కాప్టర్‌ను గాలిలోకి లేపేదీ, తిప్పేదీ, ముందుకు నడిపేదీ దాని నాలుగు ప్రొపెల్లర్లే. హెలికాప్టర్‌లో రెక్కల వాలును మార్చే యంత్రాంగం ఉంటుంది. దీనికి అది లేదు, ఉన్నదల్లా ప్రొపెల్లర్ల వేగాల తేడా. ఐమూలగా ఎదురెదురున్న రెండు ఒక దిశలో, తక్కిన రెండు దానికి ఎదురు దిశలో తిరుగుతాయి. ఒక జత వేగం పెంచి రెండో జతను ఆ మేరకు తగ్గిస్తే ఎత్తు మారకుండా ముక్కు పక్కకు తిరుగుతుంది. 1920లలోనే ఫ్రాన్స్‌లో ఎతియెన్ ఓమిషెన్, అమెరికాలో జార్జ్ డి బోథెజాట్ నాలుగు రోటర్ల యంత్రాలను నేల మీంచి లేపారు. కానీ నాలుగింటినీ క్షణక్షణం సరిదిద్దుకోవడం మనిషి చేతికి అలవికాని పని. ఇప్పుడు ఆ పనిని గైరోస్కోప్ అమర్చిన అరచేతిలో పట్టే ఫ్లైట్ కంట్రోలర్ బోర్డు సెకనుకు వందల సార్లు చేసిపెడుతోంది.

ఆ బోర్డు, మోటార్లు, వాటి వేగం అదుపుచేసే ఈఎస్‌సీలు, బ్యాటరీ, రిసీవర్ అన్నీ కొనుక్కోవలసినవే. ఇంట్లో కూర్చుని నిజంగా సొంత చేతులతో చేయగలిగింది చట్రం ఒక్కటే. కట్టేవారి తెలివంతా అక్కడే బయటపడుతుంది.

చట్రం విషయంలో మొదటి లెక్క బరువు. ఒకేచోట గాల్లో నిలబడటానికి కావలసిన శక్తి బరువుతో సమానంగా పెరగదు, అంతకన్నా వేగంగా పెరుగుతుంది. ప్రొపెల్లర్లు మార్చకుండా బరువు 20 శాతం పెంచితే శక్తి ఖర్చు దాదాపు 31 శాతం పెరుగుతుంది. పెద్ద బ్యాటరీ పెడితే ఎక్కువసేపు ఎగురుతుందన్న ఆశ ఒక హద్దు దాటాక ఫలించకపోవడానికి ఇదే కారణం. 4 అంగుళాల ప్రొపెల్లర్లు, ఒక్కోటి 10 గ్రాముల మోటార్లు, 75 గ్రాముల మూడు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ ఎంచుకుంటే, చట్రాన్ని 30 గ్రాములలోపు ఉంచి మొత్తం 180 గ్రాముల దగ్గర ఆపవచ్చు. నాలుగు మోటార్ల తోపుడు కలిపి కనీసం దీనికి రెట్టింపు, అంటే ఒక్కో మోటారుకు 90 గ్రాములు ఉండాలి. అంతకు తగ్గితే గాలి విసురుకు నిలదొక్కుకోలేదు.

ఇక కర్ర. అనకాపల్లి జిల్లా నర్సీపట్నం వారికి ఈ విషయంలో దూరం వెతకనక్కర్లేదు. అదే జిల్లాలో, వరాహ నది ఒడ్డున, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక ఉంది. అక్కడి బొమ్మలు అంకుడు కర్రవి: తెల్లని రంగు, సన్నని పీచు, ఉలికి పగలకుండా చక్కగా లొంగే గుణం. చట్రానికి కావలసింది జానెడు పొడవు కూడా లేని రెండు బద్దలు. అయితే కర్రను పేరు చూసి కాక తూచి ఎంచుకోవాలి. 1 సెంటీమీటరు చదరం, 10 సెంటీమీటర్ల పొడవున్న ముక్కను చిన్న డిజిటల్ తక్కెడలో పెడితే 5, 6 గ్రాములు తూగిన కర్ర మంచిది. 8 దాటితే పక్కన పెట్టాలి. సరుగుడు ఈ పరీక్షలో నెగ్గదు. వెదురు పొడవునా గట్టిదే, కానీ రంధ్రం వేసిన చోట నిలువునా చీలుతుంది. వెదురు వాడేవారు మరలు మాని దారం చుట్టి జిగురు పట్టించడం మేలు.

కార్బన్ ఫైబర్‌తో పోలిస్తే కర్ర పేదవాడి సర్దుబాటు అనుకోవడం పొరపాటు. కార్బన్ ఫైబర్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, రేడియో సంకేతాలకు అడ్డం వస్తుంది. ఎండిన కర్రకు ఆ రెండు బాధలూ లేవు. పైగా మోటార్ల అదురును కొంత తనలోనే ఇముడ్చుకుని గైరోస్కోప్‌కు ఊరటనిస్తుంది.

చిత్రిక పట్టిన బద్ద 6 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల ఎత్తు, 200 మిల్లీమీటర్ల పొడవు ఉంటే సరిపోతుంది. దాన్ని పడుకోబెట్టకుండా నిలబెట్టాలి. వంగకుండా నిలిచే శక్తి ఎత్తు కొలత ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే కర్ర నిలువుగా పెడితే దాదాపు 1.8 రెట్లు గట్టిగా ఉంటుంది. ప్రొపెల్లర్ గాలికి అడ్డం కూడా తగ్గుతుంది. ఐమూలగా ఎదురెదురున్న మోటార్ల మధ్య దూరం 180 మిల్లీమీటర్లయితే పక్కపక్క మోటార్ల మధ్య 127 వస్తుంది. ప్రొపెల్లర్ వ్యాసం సుమారు 102. కొసల మధ్య 25 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది.

అసలు కష్టం రెండు బద్దలు కలిసే చోట. ఒక్కోదాంట్లో సగం ఎత్తు చెక్కి ఒకదాంట్లో ఒకటి కూర్చోబెడితే 4 మిల్లీమీటర్ల కర్రే మిగులుతుంది, అదీ వంపు భారమంతా పడే నడుమ. ఎగిరేటప్పుడు మోటార్లు కొసలను పైకి లేపుతాయి, బ్యాటరీ బరువు మధ్యను కిందికి లాగుతుంది. అంటే కర్ర అడుగు అంచు సాగదీతకు గురవుతుంది. గాడి అడుగున పడ్డ బద్దే ముందు విరుగుతుంది. అందుకే పైనా కిందా ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు జిగురుతో అతికించాలి. ఒక్క పలకే పెట్టగల బరువు మిగిలితే దాన్ని అడుగునే పెట్టాలి.

మోటార్ల కింద కూడా ప్లైవుడ్ బిళ్ళలు కావాలి. 6 మిల్లీమీటర్ల కర్ర కొసలో మర బిగిస్తే చీలిక ఖాయం. మర పొడవు ఎక్కువైతే మోటారు తీగచుట్టకు తగిలి దాన్ని కాల్చేస్తుంది. వానాకాలపు తేమకు కర్ర ఉబ్బి బరువెక్కుతుంది గనుక, లక్కను స్పిరిట్‌లో కరిగించి పల్చగా రెండు పూతలు వేయాలి.

మోటార్లు తిరిగే దిశను ప్రొపెల్లర్లు తీసేసి మాత్రమే పరీక్షించాలి. ఇందులో మినహాయింపు లేదు. ఆ ప్లాస్టిక్ రెక్కలు వేలిని కోసేస్తాయి. బ్యాటరీ సెల్ నిండినప్పుడు 4.2 వోల్టులు, 3.5కు వచ్చేసరికి దింపేయాలి. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకు నానో తరగతి, దానికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. అయినా డిజిటల్ స్కై పటంలో ఎరుపు, పసుపు ప్రాంతాలను చూసుకోకుండా ఎగరేయకూడదు. విశాఖ తీరంలో నౌకాదళ స్థావరాలున్నాయి.

నేలను ఢీకొంటే సాధారణంగా విరిగేది బద్ద. మోటారూ బోర్డూ చాలాసార్లు బతికిపోతాయి. పలకలు జిగురుతో అతికించినవి కాబట్టి ఒక్క బద్దను మార్చడం కుదరదు, చట్రం మొత్తం కొత్తగా చేయాలి. మొదటి చట్రం కుదిరిన రోజే గాడి, రంధ్రాల స్థానాలు గుర్తుపెట్టిన ప్లైవుడ్ అచ్చు ఒకటి కోసి ఉంచుకుంటే, తర్వాతిది ఏ వడ్రంగి అయినా ఒక పూటలో చేసిస్తాడు.