బొటనవేలి పక్కన పార

మల్కాపురంలో తొలకరి పడిన రాత్రి యారాడ కొండ వాలున నీరు నిలిచిన చోట, గుండ్రటి ఒళ్లూ పొట్టి మూతీ ఉన్న కప్ప ఎదురైతే దాని వెనక పాదాన్ని తప్పక చూడండి. స్ఫీరోథీకా బ్రెవిసెప్స్ అనే ఈ జాతి మన దేశంలో చాలాచోట్ల మెత్తటి నేలల్లో బతుకుతుంది. పాదానికి వేళ్లు ఐదే. కానీ లోపలి వేలి మొదట్లో, అరికాలి అంచున, బిరుసు చర్మం కప్పిన పదునైన బుడిపె ఒకటి ఉంటుంది. పొడవులో అది ఆ వేలికి తీసిపోదు. ఇది దాని పార.

ఈ పారకు లోపలినుంచి ఊతమిచ్చేది ప్రీహాలక్స్. మడమ ముందున్న చిన్న ఎముకల పక్కన, బొటనవేలి వైపు అదనంగా పుట్టే ముక్కలివి. కొన్ని జాతుల్లో మృదులాస్థిగానే మిగిలిపోతాయి, కొన్నిట్లో ఎముకగా గట్టిపడతాయి. చెట్లెక్కే కప్పలకూ ఇవి ఉంటాయి గానీ, తవ్వే కప్పలో వీటికి దక్కిన పని చూస్తే ముచ్చటేస్తుంది.

ఈ కప్ప తలతో తవ్వదు, వెనక్కి దిగుతుంది. ఒక పాదం మట్టిని పక్కకు నెడుతుంది, వెంటనే రెండోది. ఒళ్లు అటూ ఇటూ కదులుతూ కొద్దికొద్దిగా కుంగుతుంది, తోసిన మట్టి వీపు మీదికే జారి పైన కప్పేస్తుంది. పొడవైన కాళ్లు దూరం గెంతడానికి పనికొస్తాయి. దీని కాళ్లు పొట్టివి, మట్టిని తోయడానికి కావలసిన బలం వాటికుంది. నేల ఎండిన నెలల్లో ఆ లోపలి చెమ్మే దానికి ఆధారం.

ఇది అసలైన ఆరో వేలా? ఎప్పటిదో పూర్వీకుల వేలికి మిగిలిన గుర్తని 19వ శతాబ్దంలో కొందరు వాదించారు. 1990లో కోట్స్, క్లాక్ అనే పరిశోధకులు తొలినాటి నాలుగుకాళ్ల జీవి అకాంథోస్టెగా శిలాజంలో పాదానికి ఎనిమిది వేళ్లు చూపించారు కూడా. అయినా, కొత్త వేలు మొలవకుండా పక్కనున్న ఎముక ముక్కే పనిముట్టుగా ఎదిగిందన్న మాటే నాకు నమ్మదగ్గదిగా తోస్తుంది. పాండా బొటనవేలూ అలాంటిదే, అది మణికట్టులోని ఓ చిన్న ఎముక.

ఏనుగుది మరో తీరు. 1706లో స్కాట్లండ్‌లోని డండీ దగ్గర చనిపోయిన ఏనుగును కోసి చూసిన పాట్రిక్ బ్లెయిర్ దాని పాదంలో ఆరో వేలుందన్నాడు. 2011లో జాన్ హచిన్సన్ బృందం ఏనుగుల పాదంలో వేలులా కనిపించే ఆ కడ్డీలాంటి ముక్కను జాగ్రత్తగా పరిశీలించింది. ఏనుగు లోలోపల మునివేళ్ల మీదే నడుస్తుంది, వెనక ఉన్న కొవ్వు దిండులోకి ఈ కడ్డీ చొచ్చుకుపోయి బరువుకు ఆసరా అవుతుంది. గున్న ఏనుగులో అది మృదులాస్థి. వయసు పెరిగేకొద్దీ ఎముకగా మారుతుంది.