కల్యాణపురమును దేశాచారమును

ఒక ఎల్లకు ఇవతల చెల్లని పెండ్లి అవతల చెల్లుననుట యానాము కుటుంబములకు కొత్త సంగతి కాదు. శారదా చట్టమని వాడుకలోనున్న బాల్యవివాహ నిరోధక చట్టము 1929లో ఆమోదింపబడి, 1930 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. బాలికకు 14, బాలునకు 18 సంవత్సరములు నిండనిదే వివాహము చేయరాదని దాని శాసనము. అది బ్రిటిషు ఇండియాకు చెందిన చట్టము. గౌతమీ తీరమున ఫ్రెంచివారి యేలుబడిలోనున్న యానామునకు దానితో పనిలేదు. 1819 నాటి ఉత్తరువు మొదలుకొని ఫ్రెంచి ప్రభుత్వము హిందువుల వివాహ దాయభాగాదులను వారి వారి ఆచారములకే విడిచిపెట్టియుండెను. కనుక చుట్టుపట్ల గ్రామముల గృహస్థులు పసిపిల్లలను వెంటబెట్టుకొని, పురోహితునితోను మేళముతోను యానామునకు తరలివచ్చి, పెండ్లి ముగించుకొని మరల తమ యూళ్లకు పోవుచుండిరి. యానామునకు కల్యాణపురమను పేరు ఇట్లు వచ్చినదే.

ఈ పేరును మనవారు నేటికిని ముచ్చటగా చెప్పుకొందురు. మేమును ఆ ముచ్చటను కాదనము. కాని ఆ పందిళ్లలో కూర్చున్నవారి వయస్సును తలచుకొన్నప్పుడు ముచ్చట కొంత తగ్గక మానదు. తండ్రి యొడిలో నిదురపోవుచున్న పిల్ల మెడలో పుస్తె కట్టించుటకు ఎల్ల దాటిరి. దాటినది ఎవరి యిష్టముచేత? ఆ పిల్లను అడిగినవారు లేరు. అడిగిన నడిపించినది దేశాచారమని సమాధానము వచ్చెడిది. ఆ దేశాచారమను మాటయే నేడు మరియొక పెండ్లిని గురించి, స్వలింగ వివాహమును గురించి, మన సభలలోను ఇండ్లలోను వినవచ్చుచున్నది. "ఇది ఫ్రాన్సువారికి చెల్లును, అమెరికావారికి చెల్లును, మన ప్రాంతమునకు చెల్లదు" అనుట ఒక వాదముగా స్థిరపడినది. ఈ వాదమును పరిశీలించుటయే మా యుద్దేశము.

ప్రాంతమును బట్టి మనుష్యుల మనస్సు మారుననుట నిజమైనచో, ఒకే ప్రాంతమునుండి బయలుదేరినవారి సంగతి చూడవలెను. ఇందుకు మన తీరమునకు మించిన నిదర్శనము లేదు. 1828లో యానామునుండి తెలుగు కూలీలు ఓడనెక్కి రీయూనియను ద్వీపమునకు పోయిరి. ప్రక్కనున్న కోరంగి రేవు పేరు మారిషసులో తెలుగువారికే పేరై నిలిచినది. నటాలు చెరకుతోటలకు, మలయా రబ్బరుతోటలకు పోయినవారును మనవారే. దర్బనులో ఆంధ్ర మహాసభ 1931లో వెలసినది. వీరందరును రాములవారి కల్యాణమును వెంట తీసికొనిపోయిరి, తలంబ్రాలను తీసికొనిపోయిరి. నేడు వారు నివసించు దేశముల చట్టములు చూడుడు. దక్షిణాఫ్రికాలో 2006 నవంబరు నుండి ఇద్దరు స్త్రీలు గాని ఇద్దరు పురుషులు గాని చట్టప్రకారము పెండ్లాడవచ్చును. రీయూనియను ఫ్రాన్సులో భాగము గనుక అచ్చట 2013 మే నెలనుండి అదే హక్కు కలదు. మారిషసులో పురుషుల నడిమి సంబంధమును నేరముగా నెంచిన శాసనమును అచ్చటి సుప్రీం కోర్టు 2023 అక్టోబరులో కొట్టివేసినది. వివాహపు హక్కు మాత్రము లేదు. మలేషియాలో అట్టి సంబంధము ఇంకను శిక్షకు పాత్రమైన నేరమే. ఒకే తీరపు బిడ్డలకు నాలుగు దేశములలో మూడు న్యాయములు! ఇందులో తెలుగుతనము నిర్ణయించినది ఏమున్నది?

దీనికి తెలివైన ప్రత్యుత్తరమొకటి గలదు. దానిని దాచుట న్యాయము కాదు. అవి ఆయా ప్రభుత్వముల చట్టములేగాని అచ్చటి తెలుగువారి అంగీకారములు కావు, దర్బనులోని తెలుగు తల్లి తన కుమారుని ప్రక్క మరియొక పురుషుని పీటలమీద కూర్చుండబెట్టినదా? అని వారు అడుగుదురు. ప్రశ్న సరియైనదే. చట్టము వేరు, ఇల్లు వేరు. వితంతు వివాహ చట్టము 1856లో వచ్చినది. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. చట్టము పుస్తకములో ఇరువదియైదేండ్లు నిదురించిన పిదపగాని మన గోదావరి ఒడ్డున ఒక పందిరి పడలేదు. పడిన పిమ్మటనైనను వెలివేతలు తప్పలేదు. వంటవారు దొరకుట కష్టమైనది, బంధువులు గడప త్రొక్కలేదు.

అయితే ఈ కథను ఉదహరించువారు సగముతో ఆపుదురు. 1856 నాటి చట్టమే లేకున్నచో 1881లో పంతులుగారు చేయించిన పెండ్లి పెండ్లియే కాకపోయెడిది. ఆ దంపతులకు పుట్టిన బిడ్డలకు ఆస్తి లేదు, ఔరసులను పేరు లేదు. చట్టము బంధువుల మనస్సును మార్చలేకపోయినది, కాని బంధువుల అలుకకు గల కోరలను తీసివేసినది. ఇంటివారి అంగీకారము నూరేండ్లు ఆలస్యమైనను దంపతులు భార్యాభర్తలుగా బ్రతుకవచ్చును. అందుచేత "ముందు సంఘము ఒప్పుకొననిండు, తరువాత చట్టము సంగతి చూతము" అనుట పెద్దమనుష్యుల మాటవలె వినిపించునేగాని, మన జిల్లా చరిత్రకు విరుద్ధము.

ఇక మన దేశపు సంగతి. 2018 సెప్టెంబరు 6వ తేదీన సుప్రీం కోర్టు స్వలింగ సంబంధము నేరము కాదని తీర్పు చెప్పినది. పెండ్లి మాట ఎత్తినవారు హైదరాబాదు కాపురస్థులైన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగు అను ఇరువురు. 2021 డిసెంబరులో వారు పెద్దల యెదుట వేడుకగా ఒకటైరి. ఆ వేడుకకు చట్టపు విలువ కోరి వారు వేసిన పిటిషనుతోపాటు తక్కినవారి పిటిషనులను కూడ విచారించి, ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2023 అక్టోబరు 17వ తేదీన తీర్పు చెప్పినది. వివాహము చేసికొనుట రాజ్యాంగము హామీ యిచ్చిన మూలహక్కు కాదనియు, ఆ హక్కు నీయవలసినది శాసనసభలే యనియు దాని సారాంశము. పునర్విచారణ పిటిషనులు 2025 జనవరిలో త్రోసివేయబడినవి.

ఆ విచారణ నడుమ కేంద్రప్రభుత్వము రాష్ట్రముల యభిప్రాయము నడిగినది. బదులు వ్రాసినవి ఏడు రాష్ట్రములు. వానిలో రాజస్థానము, అస్సాము, ఆంధ్రప్రదేశము వ్యతిరేకించినవి. తక్కిన నాలుగును గడువు కోరినవి. ఆంధ్రప్రదేశము తన రాష్ట్రములోని మతపెద్దలను సంప్రదించి ఈ యభిప్రాయమునకు వచ్చితిమని తెలిపినది. మతపెద్దలను అడుగుట తప్పని మే మనము. వారితోపాటు ఆ వివాహమును కోరుకొను ఆంధ్రులను నలుగురినైనను పిలిచి అడిగియుండిన ఉత్తరమునకు బరువుండెడిది. శారదా చట్టపు నాళ్లలో పెండ్లికూతురిని అడుగని వాడుక ఇంకను పోలేదు కాబోలు.

ఆ రాష్ట్రములోనే 2024 డిసెంబరులో మరియొక ధ్వని వినవచ్చినది. తన సహచరిని ఆమె తండ్రి నిర్బంధించెనని ఒక యువతి హేబియస్ కార్పస్ పిటిషను వేయగా, వయస్సు వచ్చిన స్త్రీకి తన తోడును తాను ఎంచుకొను స్వాతంత్ర్యము కలదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇద్దరిని కలిపినది. ప్రభుత్వపు జాబులో ఒక ఆంధ్రము, న్యాయస్థానములో మరియొక ఆంధ్రము. ప్రాంతమనునది ఒక గొంతుతో మాటాడుననుకొనువారికి ఇదియే సమాధానము.

యానాము ఈ విషయమున కూడ విడిగానే యున్నది. పుదుచ్చేరిలో భాగమగుటచే మన వ్యాజ్యములు మద్రాసు హైకోర్టునకు పోవును. గౌతమిమీది బాలయోగి వారధిని దాటి ఎదుర్లంక చేరితిమా, హైకోర్టు మారును. ఆ మద్రాసు హైకోర్టు 2019 ఏప్రిలులో తూత్తుకుడికి చెందిన ఒక పురుషునకును ఒక ట్రాన్సు మహిళకును జరిగిన వివాహము హిందూ వివాహ చట్టము క్రింద చెల్లునని చెప్పినది. ఇది స్వలింగ వివాహము కాదు. అయినను వధువను మాటకు అర్థమును విశాలము చేసినది. 2025 మే నెలలో అదే న్యాయస్థానము, ఇంటివారు ఆపియుంచిన ఒక యువతిని ఆమె సహచరితో పంపుచు, కుటుంబము ఏర్పడుటకు వివాహమొక్కటియే మార్గము కాదని వ్యాఖ్యానించినది. వారధికి ఈ ప్రక్క ఆ ప్రక్క తీర్పులు నేడు ఇంచుమించు ఒకే దిక్కునకు నడచుచున్నవి. కలిసి బ్రతుకవచ్చును. పెండ్లి పుస్తకములో మాత్రము పేరు వ్రాయరు.

2023లో ప్యూ అను అమెరికా సంస్థ ప్రకటించిన లెక్కప్రకారము భారతీయులలో నూటికి 53 మంది ఇట్టి వివాహమును చట్టసమ్మతము చేయుటకు అనుకూలురు. ఈ లెక్కను చూచి పొంగిపోవుట గాని కొట్టివేయుట గాని తగదు. అపరిచితుడు అడిగినప్పుడు చెప్పు మాట వేరు, సొంత కుమార్తె సంబంధము గడపలోనికి వచ్చినప్పుడు చెప్పు మాట వేరు.

ఆ గడప దగ్గరి ఘట్టమును తెలుగు చలనచిత్రము ఒకమారు పట్టుకొనబోయినది. 2018లో ప్రశాంత్ వర్మ దర్శకత్వమున వచ్చిన "అ!" చిత్రములో రాధ అను యువతి తాను పెండ్లాడదలచిన క్రిష్‌ను తల్లిదండ్రులకు చూపును. క్రిష్ అనగా అబ్బాయి యనుకొన్నవారికి ఎదుట అమ్మాయి కనబడును. ఈ సన్నివేశమున తల్లిదండ్రులను ఎగతాళి చేయక, కూతుళ్లను కన్నీటిబొమ్మలుగా చేయక నడుపుట మెచ్చదగినది. కాని చిత్రము చివరకు వచ్చునప్పటికి ఈ పాత్రలన్నియు గాయపడిన ఒక స్త్రీ మనస్సులోని ముక్కలని తేలును. కథకుని యుక్తి గొప్పదే. అయితే మాకు కలుక్కుమన్నది మరొకటి: ఆ యిద్దరికి తెలుగు తెర చూపిన చోటు ఒక వ్యాకుల చిత్తము మాత్రమే, ఒక వీధి కాదు, ఒక ఇల్లు కాదు. ఊహలో చోటిచ్చి ఊరిలో ఈయకపోవుట మన కళకే కాదు, మనకును అలవాటే.

దేశాచారమను వాదములో ఒక లోపమును ఇప్పుడు చూపవచ్చును. కల్యాణపురమునకు వచ్చినవారిలో పెండ్లి నిర్ణయించినది పెద్దలు, పెండ్లి అనుభవించినది పిల్లలు. చట్టము లేని చోటు వెదకుట అప్పటి ప్రయాణము. నేడు ఎల్ల దాటువారు వయస్సు వచ్చినవారు, తమ పెండ్లిని తామే నిర్ణయించుకొన్నవారు. వారు వెదకునది చట్టము ఉన్న చోటు. రెంటిని ఒకే మాటతో మెచ్చుట గాని తెగడుట గాని సాధ్యము కాదు. మొదటి ప్రయాణమునకు మేళము పెట్టి, రెండవదానికి తలుపు మూయువారిని మేము సంప్రదాయజ్ఞులనలేము.

మన కుటుంబములకు ఈ చర్చ పరాయిది కాదు. 1962 ఆగస్టు 16వ తేదీన ఒప్పందము అమలులోనికి వచ్చినప్పుడు ఫ్రెంచి పౌరసత్వము కోరుకొన్నవారి సంతతి నేటికిని మన నడుమ కలదు. 1881 సెప్టెంబరు నాటి డిక్రీ ననుసరించి కులాచారమును విడనాడి ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించినవారి సంతానమునకు పుదుచ్చేరిలో హిందూ వివాహ చట్టమే వర్తింపదు. పంతులుగారి పందిరియు ఆ డిక్రీయు ఒకే సంవత్సరమున వచ్చుట యాదృచ్ఛికమే గాని తలచుకొనదగినది. అట్టి ఇంటి బిడ్డ, ఫ్రెంచి పౌరురాలు, ఇచ్చటనే కాపురముండి మరియొక స్త్రీని పెండ్లాడగోరినచో, ఇచ్చటి చట్టము ఒప్పదు గనుక ఫ్రెంచి కాన్సలు ఆ పెండ్లి జరుపజాలడు. దీనికై 2013 నాటి చట్టములోనే ఒక దారి పెట్టిరి: ఆ యిద్దరిలో ఒకరు ఫ్రాన్సులో పుట్టిన ఊరిలోగాని, కడపట నివసించిన ఊరిలోగాని, తల్లిదండ్రులు నివసించు ఊరిలోగాని మేయరు కార్యాలయమున పెండ్లి చేసికొనవచ్చును, ఇవేవియు లేనివారు తామే ఒక ఊరిని ఎంచుకొనవచ్చును. మేయరు వారి చేతికి లివ్రే ద ఫామీయ్ అను కుటుంబ పుస్తకము నిచ్చును. మన పెద్దల పెట్టెలలో అట్టి పుస్తకములు ఇంకను కొన్ని కలవు. ఆ పుస్తకముతో ఆమె తన తోడును వెంటబెట్టుకొని యానాము వచ్చినచో, ఇచ్చటి రిజిస్ట్రారు దానిని వివాహముగా నమోదు చేయడు. అన్నదమ్ములు భోజనమునకు పిలుతురో పిలువరో అది ఇంటింటి సంగతి.